కొత్త కార్డు వేసినా గేమ్ లాగ్ అవుతోంది, ఏం చేయాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలు తిరగేస్తుంటే ఊళ్లు వేరు, కార్డులు వేరు, బాధ మాత్రం ఒకటే. డబ్బు కూడబెట్టి గ్రాఫిక్స్ కార్డు మార్చారు, గేమ్ చూస్తే పాత కార్డుతో ఆడినట్టే ఉంది, ఒకరిద్దరికి అంతకంటే అధ్వానంగా ఉంది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈసారి ఇవే తీసుకున్నాను. రాసినవాళ్లలో చాలామంది చివర్లో "కార్డు తిరిగి ఇచ్చేయమంటారా, ఇంకా పెద్దది కొనమంటారా" అని అడిగారు. దయచేసి ఇప్పుడే ఆ రెండూ చేయకండి. గేమ్ నడుస్తున్నప్పుడు స్క్రీన్ మూలన కొన్ని అంకెలు కనిపించేలా పెట్టుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. ముందు అవి చూద్దాం, జేబులో చెయ్యి తర్వాత పెడదాం.

ప్రశ్న: అన్నా, నేను గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. 2017లో మా మామయ్య అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ తర్వాత నాకు ఇచ్చేశాడు. ఐ5-7400 ప్రాసెసర్, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. రెండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఆర్‌టీఎక్స్ 4060 కొన్నాను. వీడియోల్లో ఈ కార్డుతో సైబర్‌పంక్ 2077 ఎంత బాగా ఆడుతుందో చూసి కొన్నాను, నాకేమో జనం ఉన్న వీధుల్లోకి వెళ్తే 40 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) దాటడం లేదు, మధ్యమధ్యలో అర సెకను ఆగిపోతోంది. వాలరెంట్‌లో అయితే పాత కార్డుకీ దీనికీ పెద్ద తేడాయే తెలియడం లేదు. లో సెట్టింగ్స్ పెట్టినా, డీఎల్‌ఎస్‌ఎస్ పర్ఫార్మెన్స్‌లో పెట్టినా అదే 40. డ్రైవర్ రెండుసార్లు తీసి వేశాను, విండోస్ కూడా మళ్లీ వేశాను. షాపు అన్న కార్డు బానే ఉంది అంటున్నాడు. ఇంత ఖర్చు పెట్టానని ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది. కార్డు డిఫెక్టా అన్నా?

జవాబు: తమ్ముడూ, కార్డు బానే ఉంది. షాపతను చెప్పింది నిజమే, కాకపోతే మిగతాది కూడా చెప్పి ఉండాల్సింది. నీ జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, "లో సెట్టింగ్స్ పెట్టినా, డీఎల్‌ఎస్‌ఎస్ పెట్టినా అదే 40" అన్నావు చూడు, అక్కడ.

గేమ్‌లో ఒక్క ఫ్రేము నీ కంటికి చేరాలంటే ఇద్దరు పని చేయాలి. వీధిలో ఎవరు ఎటు నడుస్తున్నారు, కారు దేనికి గుద్దుకుంది, ఇప్పుడు ఏయే వస్తువులు కనిపించాలి, ఇదంతా లెక్కగట్టి కార్డుకి అందించేది ప్రాసెసర్. అందినదాన్ని బొమ్మగా గీసేది కార్డు. సెట్టింగ్స్ తగ్గించినప్పుడు ఎక్కువగా తగ్గేది గీసే పని. డీఎల్‌ఎస్‌ఎస్ అయినా అంతే, చిన్న సైజులో గీసి పెద్దదిగా చేసి చూపిస్తుంది. ప్రాసెసర్ చేసే లెక్కలు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. గీసే పని సగానికి సగం తగ్గించినా స్పీడు కదల్లేదంటే ఆలస్యం గీసేవాడి దగ్గర లేదన్నమాట. మేస్త్రీ ఎంత చురుకైనవాడైనా ఇటుకలు అందించే మనిషి ఒక్కడే ఉంటే గోడ లేవదు కదా, నువ్వు మేస్త్రీని మార్చావు, అందించే మనిషి 2017 నాటి వాడే.

నా మాట మీద నమ్మకంతో ఆగిపోకు, నీ కళ్లతో చూసుకో. ఎన్విడియా యాప్ వేసుకుని గేమ్‌లో ఉండగా ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే అంకెలు వస్తాయి, లేదా ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అయినా సరే. అందులో జీపీయూ, అంటే కార్డు వాడకం ఎంత శాతం ఉందో చూడు. 95 నుంచి 99 మధ్య ఉంటే కార్డు తన శక్తంతా పెడుతోందని అర్థం, ఆ 40 కార్డు చేతనైనంతే. ఫ్రేములకి నువ్వేమీ పరిమితి పెట్టకుండానే అది 50, 60 దగ్గర తిరుగుతుంటే కార్డు పని కోసం ఎదురుచూస్తోంది. నీకు రెండోదే కనిపిస్తుందని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ 65 శాతమే వాడుతోంది, ఇంకా ఖాళీ ఉంది కదా అంటారు. అది అన్ని కోర్ల, అంటే ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాల సగటు. కొన్ని గేమ్‌లలో ముఖ్యమైన పని ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది, ఆ కోరు 100 కొట్టిందంటే మిగతావి ఖాళీగా ఉన్నా లాభం లేదు. ఆ గ్రాఫ్ మీద కుడి క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ అని మార్చుకుంటే విడివిడిగా కనిపిస్తాయి. నీ ఐ5-7400కి 4 కోర్లు, 4 థ్రెడ్లు (ఒకేసారి నడపగలిగే పనులు), వేగం 3 గిగాహెర్ట్జ్, బాగా ఎగిరితే 3.5. సైబర్‌పంక్ వాళ్లు 2023లో 2.0 అప్‌డేట్ కాలంలో కనీస అవసరాలే మార్చేశారు, ఇప్పుడు కనీసం అంటే 8 థ్రెడ్లున్న ఐ7-6700, 12 జీబీ ర్యామ్, పైగా ఎస్‌ఎస్‌డీ ఉండాలి. నీ దగ్గర థ్రెడ్లు సగం, ర్యామ్ 8. నువ్వు చూసిన వీడియోలు అబద్ధం కాదు, కార్డుని పరీక్షించేవాళ్లు దానికి ఏ అడ్డూ లేకుండా మార్కెట్లో ఉన్న పెద్ద ప్రాసెసర్‌తో పరీక్షిస్తారు, అది పద్ధతే. మన ఇంట్లో ఆ ప్రాసెసర్ లేదు, అంతే తేడా.

ఇప్పుడు ఏం చేయాలో వరసగా చెప్తాను, తక్కువ ఖర్చు నుంచి మొదలుపెడదాం.

మొట్టమొదట ర్యామ్. ఆ అర సెకను ఆగిపోవడం ఉంది చూడు, నాకు అది ప్రాసెసర్ కంటే ర్యామ్ మీద ఎక్కువ అనుమానం. విండోస్, బ్రౌజరు, గేమ్ కలిసి 8 జీబీ నిండిపోతే మిగిలింది డిస్క్‌లోకి తోస్తుంది, అక్కడి నుంచి తెచ్చుకునే లోపు గేమ్ బిగుసుకుపోతుంది. గేమ్ హార్డ్ డిస్క్‌లో ఉందో ఎస్‌ఎస్‌డీలో ఉందో నువ్వు రాయలేదు, హార్డ్ డిస్క్‌లో ఉంటే ఆ కుదుపు ఇంకా ఎక్కువ. ఇంకో సంగతి, ఒకే స్టిక్ అంటే ర్యామ్ ఒకే దారిలో నడుస్తోంది. 2400 డీడీఆర్4 ఒక్క స్టిక్‌తో సెకనుకి 19.2 జీబీ ఇస్తే రెండు స్టిక్‌లతో దానికి రెట్టింపు, 38.4 ఇస్తుంది. హెచ్110 బోర్డులో మామూలుగా రెండు స్లాట్లు ఉంటాయి కాబట్టి ఉన్నదాని లాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్ వెయ్యి. ఈ డబ్బు వృథా పోదు, ఎందుకో కింద చెప్తాను.

తర్వాత ప్రాసెసర్. నీ బోర్డులో వేయగలిగిన పెద్ద ప్రాసెసర్లలో ఒకటి ఐ7-7700, 4 కోర్లు, 8 థ్రెడ్లు, కరెంటు కూడా నీ ఐ5 అంతే, 65 వాట్ల రకం. కొత్తవి దొరకవు, సెకండ్ హ్యాండే దిక్కు. జాగ్రత్త, ఎవరైనా ఐ5-8400 చూపించి సాకెట్ ఒకటే, 1151, కూర్చుంటుంది అంటే తీసుకోకు. కూర్చోవడం కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం లేవదు, ఎనిమిదో తరానికి 300 సిరీస్ బోర్డు కావాలి. ఈ ఒక్క మాట తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

నా అభిప్రాయం అడిగితే ఐ7-7700 బాగా చవగ్గా దొరికితే తప్ప దాని జోలికి వెళ్లొద్దంటాను. విండోస్ 11 అధికారికంగా ఏడో తరాన్ని తీసుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ డబ్బు పక్కన పెట్టి, కొన్నాళ్లు ఆగి, రైజెన్ 5 5600కి బీ550 బోర్డు కానీ, ఐ5-12400ఎఫ్‌కి డీడీఆర్4 వేసుకునే బోర్డు కానీ తీసుకో. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఇప్పుడు కొనే ర్యామ్ స్టిక్ రెండింట్లోనూ పనికొస్తుంది, అందుకే వృథా కాదన్నాను, బోర్డు చూసుకునేటప్పుడు డీడీఆర్4దేనా అని ఒకటికి రెండుసార్లు అడుగు. నీ 4060 కూడా అలాగే అందులోకి మారుతుంది. ఒక చిన్న లాభం కూడా ఉంది, 4060 పీసీఐఈలో, అంటే బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా నడిచే దారిలో, 8 లేన్లే (వరసలే) వాడుతుంది, నీ పాత బోర్డు మూడో తరం కాబట్టి దారి సగం వెడల్పే, కొత్త బోర్డులో పూర్తి వెడల్పు వస్తుంది. కార్డులోని 8 జీబీ నిండనంత వరకు ఆ తేడా తక్కువే, దాని గురించి నిద్ర చెడగొట్టుకోకు.

అప్పటిదాకా గేమ్‌లో క్రౌడ్ డెన్సిటీ తగ్గించు, వీధిలో జనం తగ్గితే ప్రాసెసర్‌కి ఊపిరాడుతుంది. రే ట్రేసింగ్ ఆపెయ్యి, అది కార్డుతో పాటు ప్రాసెసర్‌కి కూడా బరువే. టెక్స్చర్లు, నీడలాంటి గీసే పనులు పెంచుకో, కార్డు ఖాళీగానే ఉంది కనుక అవి ఇంచుమించు ఉచితం. ఎఫ్‌పీఎస్‌ని 40కో అంతకంటే కాస్త తక్కువకో కట్టేస్తే పైకీ కిందకీ ఊగడం తగ్గి చేతికి మెత్తగా ఉంటుంది. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే అంకె పెరుగుతుంది, ఆ మధ్య ఫ్రేములు ప్రాసెసర్ సాయం లేకుండా కార్డే పుట్టిస్తుంది కాబట్టి. కానీ మూలం 40 ఉండి అది కూడా కుదుపులతో ఉంటే మౌస్ బరువుగా అనిపిస్తుంది, ముందు ర్యామ్ వేసి ఆ తర్వాత ప్రయత్నించు.

ఇంట్లో చెప్పు తమ్ముడూ. నువ్వు కష్టపడి సంపాదించిన డబ్బుతో కొన్న వస్తువు పాడవ్వలేదు, రేపు కొత్త సిస్టమ్‌లో ముందుగా కూర్చునేది అదే.

ప్రశ్న: నమస్కారం. మాది ఖమ్మం. మా బాబు ఇంటర్ పరీక్షలు బాగా రాశాడని చిట్టీ డబ్బులు వచ్చాక వాడు అడిగిన ఆర్‌టీఎక్స్ 3060 కార్డు కొనిచ్చాం. ఇంతకుముందు కార్డు లేదు, ఐ5-10400 కంప్యూటర్ ఒక్కటే ఉండేది. వాడే విప్పి పెట్టుకున్నాడు. గేమ్ మాత్రం ముందెలా ఆగి ఆగి నడిచేదో ఇప్పుడూ అలాగే ఉందట. తప్పు తనదేనని, డబ్బు పాడుచేశానని రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. నాకు వీటి గురించి తెలియదు. కార్డు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. టీవీలాంటి తెరకి వెళ్లే నీలం రంగు పిన్నుల వైరు మాత్రం పాత చోటే ఉంది, కార్డు మీద అది పట్టే చోటు లేదని వాడు అన్నాడు. మీకేమైనా తెలిస్తే చెప్పండి.

జవాబు: అమ్మా, మీకు తెలియదన్నారు కానీ సమస్య ఎక్కడుందో మీరే పట్టుకున్నారు. ఆ నీలం వైరే.

ఆ వైరుని వీజీఏ అంటారు. 10400 ప్రాసెసర్‌లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, ఆఫీసు పనికి, సినిమాలకి సరిపోతుంది, పెద్ద గేమ్‌లకి చాలదు. కంప్యూటర్ వెనక పైభాగంలో, కీబోర్డు మౌస్ వైర్ల పక్కన ఉన్న చోట పెడితే తెరకి బొమ్మ ఆ చిన్న గ్రాఫిక్స్ నుంచే వెళ్తుంది. కార్డు కింద అడ్డంగా కూర్చుని ఉంటుంది, దాని వెనక వేరే రంధ్రాలు ఉంటాయి, వైరు అక్కడ పెట్టాలి. కొత్త కార్డుల మీద నీలం వైరు పట్టే చోటు లేదు, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ అని రెండు రకాలే ఉంటాయి. బాబు అది పట్టే చోటు దొరక్క పాత చోటే ఉంచాడు, తెర మీద బొమ్మ వచ్చింది కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకున్నాడు. ఇది ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా చేసే పొరపాటు, వాడికి ఆ మాట చెప్పండి.

ముందు తెర వెనక వైపు చూడమనండి. కొన్ని పాత తెరలకి కూడా నీలం రంధ్రం పక్కనే హెచ్‌డీఎంఐ ఉంటుంది, ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి కార్డుకీ తెరకీ కలిపితే పని అయిపోయింది. లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి. షాపులో కన్వర్టర్ అనే అడగండి, హెచ్‌డీఎంఐ వైపు కంప్యూటర్‌కి, వీజీఏ వైపు తెరకి ఉండేది, ఎదురు దిశలో పనిచేసేవి కూడా అమ్ముతారు, అవి మీకు పనికిరావు. వైరు మార్చాక ఎన్విడియా డ్రైవర్ వేసుకోవాలి, అది బాబుకి తెలిసే ఉంటుంది.

ఒకటి చూడమనండి. కార్డు పైన 8 పిన్నుల కరెంటు వైరు గట్టిగా, టక్‌మని చప్పుడు వచ్చేలా కూర్చుందా, కార్డుని క్యాబినెట్‌కి స్క్రూతో బిగించాడా. ఇవి సరిగ్గా ఉంటే 10400కి 6 కోర్లు, 12 థ్రెడ్లు, 3060కి అది మంచి జోడీ. మీ డబ్బు పాడు కాలేదు. బాబుకి ముందు అన్నం పెట్టండి, వైరు సాయంత్రం తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: సార్, రామగుండం నుంచి రాస్తున్నాను, షిఫ్ట్ డ్యూటీ చేస్తాను, దిగాక ఒక గంట ఆడుకోవడం అలవాటు. రైజెన్ 5 3600, కొత్తగా ఆర్ఎక్స్ 6600 వేశాను. మొదటి 20 నిమిషాలు బ్రహ్మాండం. తర్వాత ఒక్కోసారి 25 ఎఫ్‌పీఎస్‌కి పడిపోతుంది, ఒక్కోసారి సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌కి (కరెంటు ఇచ్చే పెట్టెకి) 8 పిన్ కేబుల్ లేదంటే షాపులో సాటా నుంచి 8 పిన్‌కి అడాప్టర్ ఇచ్చారు. ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని ఉంది. ఏసీ లేని గది.

జవాబు: ఈ పేజీ పక్కన పెట్టి ముందు సిస్టమ్ ఆపండి, ఆ అడాప్టర్ పీకేయండి. మిగతాది తర్వాత చదువుదురుగాని.

సాటా కనెక్టర్ పుట్టింది హార్డ్ డిస్క్ కోసం. 12 వోల్టుల మీద అది మోయగలిగింది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 8 పిన్ కనెక్టర్ 150 వాట్ల వరకు అడగొచ్చని లెక్క. ఆర్ఎక్స్ 6600 మొత్తం 132 వాట్లు తీసుకుంటుంది, కొంత స్లాట్ నుంచి వచ్చినా మిగతాది ఆ సన్నటి సాటా పిన్నుల మీదే పడుతుంది. కొన్నేళ్ల క్రితం నేను ఇలాంటి అడాప్టర్‌తోనే ఒక కార్డు నడిపాను, నాలుగు రోజులు బానే ఉంది, ఐదో రోజు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి మెయిన్ కట్టేసి చూస్తే కనెక్టర్ కరిగి పిన్నులకి అతుక్కుపోయి ఉంది. ఆ గదిలో నేను ఉన్నాను కాబట్టి సరిపోయింది. గేమ్ నెమ్మదించడం వేరు, ఇది ఇల్లు కాలే విషయం.

ఇక ఎస్‌ఎంపీఎస్. పెద్దక్షరాల్లో రాసిన 450 చూడకండి, పక్కన స్టిక్కర్ మీద చిన్నక్షరాల పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూడండి. అక్కడ 20 అని ఉంటే 12 గుణించు 20, 240 వాట్లే కార్డుకీ ప్రాసెసర్‌కీ దక్కేది. గేమ్ మధ్యలో కార్డు ఒక్క క్షణం పాటు మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతుంది, నాసిరకం ఎస్‌ఎంపీఎస్ ఆ దెబ్బకి చేతులెత్తేస్తుంది. మీ రీస్టార్ట్‌లకి కారణం అదేనని నా నమ్మకం. 8 పిన్ కేబుల్ దాంతోనే వచ్చే, 80 ప్లస్ గుర్తున్న మంచి కంపెనీ 500 లేదా 550 వాట్లది తీసుకోండి. ప్రాసెసర్ కోసం ఉండే 8 పిన్ వైరు కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, దాన్ని బలవంతంగా కార్డులో దూర్చొద్దు, ప్లస్సు మైనస్సు తారుమారు. సిస్టమ్ యూపీఎస్ మీద ఉంటే అదీ చూసుకోండి, 600 వీఏ అని రాసిన చిన్న యూపీఎస్‌లు చాలావరకు మోసేది 360 వాట్లే.

25కి పడిపోవడం మాత్రం వేరే కథ, అది వేడి లక్షణం. రైజెన్ 3600 95 డిగ్రీల దగ్గర తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. మే నెలలో మీ గదే 42 డిగ్రీలుంటే లోపలికి వెళ్లే గాలే వేడిగాలి. పైగా మీ వైపు బొగ్గు ధూళి, ఫ్యాన్ రెక్కల వెనక హీట్‌సింక్ సందుల్లో దుప్పటిలా పేరుకుంటుంది, పైనుంచి చూస్తే కనిపించదు. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి, ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేయించండి. తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసి ఒక గంట ఆడి చూడండి. తలుపు తీస్తే టెంపరేచర్ పది డిగ్రీలు దిగిందంటే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు, ముందు ఒకటి, వెనక ఒకటి ఫ్యాన్ కావాలి.

ప్రశ్న: బెంగళూరులో ఉంటాను. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 580 8 జీబీ తీసుకున్నాను, ఇంతకుముందు జీటీఎక్స్ 960 ఉండేది. పెరిగింది కానీ రివ్యూల్లో చెప్పినంత లేదు. మోసపోయానా?

జవాబు: జీపీయూ-జెడ్ అని చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అది తెరిచి షేడర్స్ (కార్డులో బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) అన్న గడి చూడండి. 2304 ఉంటే అసలు 580. 2048 ఉంటే అది 580 2048ఎస్‌పీ అనే రకం, ఏఎండీ 2018లో చైనా మార్కెట్ కోసం తెచ్చింది, లోపలి షేడర్ల లెక్కలో 570తో సమానం. కార్డు నకిలీదేం కాదు, కానీ పేరులో ఆ చివరి ముక్క రాయకుండా 580 అని అమ్మితే మాత్రం అన్యాయమే. ప్రకటన స్క్రీన్‌షాట్ ఉంటే అమ్మినవాళ్లని అడిగే హక్కు మీకుంది. పేరు ముందు ఫేక్ అని చూపిస్తే అది అసలు వేరే పాత కార్డు, బయోస్ మార్చి అమ్మారు, వెంటనే తిరిగి పంపండి.

2304 ఉండి కూడా నెమ్మదిగా ఉంటే అందులోనే బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి, పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి చిన్న పరీక్ష నడిపిస్తూ చూడాలి, ఊరికే ఉన్నప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం తక్కువ చూపిస్తుంది. ఎక్స్16 దగ్గర ఎక్స్4 కనిపిస్తే మీరు కార్డుని కింది స్లాట్‌లో పెట్టారు. పొడవు ఒకటే అయినా చాలా బోర్డుల్లో కింది స్లాట్ వెనక నాలుగు లేన్లే ఉంటాయి, పైదాంట్లోకి మార్చండి. ఎన్విడియా నుంచి ఏఎండీకి వచ్చారు కాబట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే డ్రైవర్ తుడిచే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ పూర్తిగా తుడిచి కొత్తది వేసుకోండి, ఇలా కంపెనీ మారినప్పుడు అది తప్పకుండా చేయాలంటాను.

ప్రశ్న: విశాఖపట్నం. 144 హెర్ట్జ్ మానిటర్, కొత్త కార్డు. ఏ గేమ్ ఆడినా సరిగ్గా 60 దగ్గరే ఆగుతుంది, ఒక్కటి కూడా ఎక్కువ రాదు.

జవాబు: అంత కచ్చితంగా 60 అంటే ఎవరో కట్టేశారు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 144 ఎంచుకోండి, చాలాసార్లు 60లోనే ఉండిపోతుంది. తర్వాత గేమ్‌లో వీ-సింక్ (ఫ్రేములని తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపండి. 144 అన్నదే కనిపించకపోతే కేబుల్ అనుమానించండి, హెచ్‌డీఎంఐ తీసి డిస్‌ప్లే పోర్ట్ కేబుల్‌తో కలపండి.

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు. కార్డు మార్చాక ఎఫ్‌పీఎస్ బాగా పెరిగింది, కానీ కొత్త చోటికి వెళ్లిన ప్రతిసారీ ఒక కుదుపు. పాత కార్డుతో ఇలా లేదు. రేపు రిటర్న్ ఇవ్వడానికి ఆఖరి రోజు.

జవాబు: తమ్ముడూ, గేమ్ షేడర్లని, అంటే బొమ్మ ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములని, కార్డుకి తగ్గట్టు తయారుచేసి దాచుకుంటుంది. పాత కార్డు కోసం నెలల తరబడి దాచినవి కొత్త కార్డుకి పనికిరావు, మళ్లీ మొదటి నుంచి తయారవుతున్నాయి, డ్రైవర్ మార్చినా చాలాసార్లు ఇదే జరుగుతుంది. గేమ్ మొదట్లో షేడర్లు తయారవుతున్నాయని బార్ కనిపిస్తే తొందరపడి దాటేయకుండా పూర్తి కానివ్వు. ఈ రాత్రి ఒకే చోట రెండుసార్లు తిరిగి చూడు. రెండోసారి కుదుపు లేకపోతే కార్డు ఉంచుకో. రెండోసారీ అదే చోట అదే కుదుపు వస్తే పైన గుంటూరు తమ్ముడికి చెప్పినట్టు ర్యామ్, ప్రాసెసర్ అంకెలు చూడు, కార్డు వాడకం 99 ఉండి టెంపరేచర్ మామూలుగా ఉండి కూడా బొమ్మలో గీతలు, చుక్కలు కనిపిస్తేనే రేపు పొద్దున షాపు తెరవగానే వెళ్లు.